స్నానం వేళకు వెళ్ళండి

తెనాలిలో జన్మభూమి ఎక్కి సాయంత్రానికి చర్లపల్లిలో దిగాను. 2025 జనవరిలో ఈ టెర్మినల్ మొదలైన పుణ్యమా అని ఈసీఐఎల్ వైపు వెళ్ళేవాళ్ళకు సికింద్రాబాద్ స్టేషన్ తొక్కిసలాట తప్పింది. స్టేషన్ లోపల లిఫ్టులు, ఎస్కలేటర్లు, అద్దాల గోడలు. బయటికొస్తే ఇరుకు రోడ్డు, దాని నిండా ఆటోలు. ఎక్కిన ఆటో అబ్బాయి "ఏ.ఎస్. రావు నగర్ అంటే రాధిక దాకానా, లోపలికా?" అని అడిగాడు. ఇక్కడ దారి చెప్పాలంటే ఎవరైనా రాధిక థియేటర్ చౌరస్తా నుంచే మొదలుపెడతారు. లోపలికే అన్నాను. ఇంకో ముప్పై రూపాయలు ఎక్కువన్నాడు.

నేను వచ్చింది మా మేనత్త కోసం. ఆమెకు ఎనభై దాటాయి. బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషనయింది, ఇంటికొచ్చింది. కొడుకు డాలస్‌లో ఉన్నాడు. "వదినా, నువ్వయితే మొహమాటం లేకుండా అడుగుతావు. అటువైపు సీనియర్ కేర్ హోములు చాలా ఉన్నాయట. కొన్ని చూసి ఏది బాగుందో చెప్పు" అని ఫోన్ చేశాడు. వాట్సాప్‌లో బ్రోచర్లు కూడా పంపాడు. దారి పొడుగునా రైల్లో అవే చూశాను. తెల్లజుట్టు దంపతులు క్యారమ్స్ ఆడుతున్నారు, మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు, యోగా చాపల మీద నవ్వుతున్నారు. ఒక్క బొమ్మలోనూ ఎవరూ ఎవరికీ స్నానం చేయించడం లేదు.

ఈ కాలనీ సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఇక్కడ ఇంతమంది పెద్దవాళ్ళు ఎందుకున్నారో అర్థం కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు హోమీ భాభా దగ్గర ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ పని నడిపించారు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టిందీ ఆయనే. దేశంలో తయారైన తొలితరం కంప్యూటర్లు, ఒకప్పుడు మన ఇళ్ళల్లో బల్ల మీద కొలువున్న ఈసీ టీవీలు, తర్వాత ఓటింగ్ యంత్రాలు అక్కడివే. ఉద్యోగులు ఇళ్ళు కట్టుకున్న కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. పక్కనే అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ వచ్చింది. అటువైపు సైనిక్‌పురిలో మాజీ సైనికులు స్థిరపడ్డారు. 1970లో ఇరవై రెండేళ్ళకు ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఒక తరమంతా కలిసి ఉద్యోగంలో చేరింది, కలిసి ఇళ్ళు కట్టుకుంది, కలిసి రిటైరయింది. ఇప్పుడు కలిసి మంచం పడుతోంది.

మెయిన్‌రోడ్డు మీద బంగారం కొట్లు, చీరల షోరూములు, టిఫిన్ సెంటర్లు జోరుగా ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికి కూడా దోసెల దగ్గర క్యూ తగ్గదు. రెండు సందులు లోపలికి వెళితే మాత్రం వేరే ఊరు. ఫిజియోథెరపీ క్లినిక్కులు, రక్తపరీక్షల సెంటర్లు, వాకర్లు అద్దెకిచ్చే కొట్లు. కరెంటు స్తంభాలకు "ఆయాలు, అటెండెంట్లు పంపబడును, 12 గం., 24 గం." అని కట్టిన అట్టలు. ఒక మందుల షాపులో ముందు వరసలో పేర్చినవి పసిపిల్లల డైపర్లు కావు, పెద్దవాళ్ళవి. ఒక కాలనీ వయసు తెలుసుకోవడానికి జనాభా లెక్కలు అక్కర్లేదు, మందుల షాపు అలమర చూస్తే చాలు.

"ఏమే అమ్మాయ్, నన్నెక్కడ పడేద్దామని వచ్చావు?" అంది అత్తయ్య, నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే. నవ్వుతూనే అంది. మామయ్య కట్టిన ఇంటిని పిల్లలు డెవలప్‌మెంటుకిచ్చి అపార్ట్‌మెంటు చేయించారు. ఆమె వాటాకొచ్చిన ఫ్లాటు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు ఉంది. బాల్కనీలోంచి చూస్తే ఆమె పెట్టిన మామిడిచెట్టు లేదు గానీ, అదే వీధి, అవే ఎదురింటి మనుషులు. పొద్దున్నే పాల అబ్బాయి పలకరిస్తాడు, సాయంత్రం ఎదురింటావిడ వచ్చి సీరియల్ కథ చెప్పి పోతుంది.

అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో పనిచేసిన సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు, తన బృందంతో కలిసి 1963లో ఒక కొలత అచ్చువేశాడు. మనిషి ఎంత స్వతంత్రంగా ఉన్నాడో చెప్పడానికి ఆరు పనులు చూస్తే చాలన్నాడు. స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికి వెళ్ళిరావడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, అన్నం నోట్లో పెట్టుకోవడం. తుంటి విరిగినవాళ్ళనీ ఇతర దీర్ఘరోగులనీ గమనిస్తూ ఆయన ఇంకోటి కూడా చూశాడు. ఈ శక్తులు ఒక వరసలో పోతాయి. ముందు పోయేది స్నానం, ఆఖరికి పోయేది అన్నం తినడం. పసిపిల్ల మొదట నేర్చుకున్నది మనిషితో చివరిదాకా ఉంటుంది. అరవై ఏళ్ళు దాటినా ప్రపంచమంతా ఇప్పటికీ ఈ ఆరు పనులతోనే లెక్క వేస్తోంది. అత్తయ్య అన్నం తానే కలుపుకుని తింటుంది, చీర మానేసి నైటీలో ఉంటుంది కాబట్టి బట్టలకు సగం సాయం చాలు. లేచి కూర్చోడానికి ఒక మనిషి కావాలి. స్నానానికి మనిషి కావాల్సిందే. అంటే నేను వెతకాల్సింది క్యారమ్స్ బల్ల కాదు, ఈ పనులకు రెండు మంచి చేతులు.

మర్నాడు మొదట చూసింది ఊరి బయట కొత్తగా కట్టిన సీనియర్ లివింగ్. పేరు వద్దు. బాగా కట్టారు, అందులో సందేహం లేదు. నేల జారదు, గోడలకు పట్టుకోడానికి కడ్డీలున్నాయి, తలుపులు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు, మంచం పక్కన ఎర్ర బటన్. భోజనశాలలో ఉప్పు తక్కువ వేసిన బీరకాయ పప్పు రుచి చూపించారు. చూపిస్తున్న అమ్మాయి ఎంబీఏ చదివినట్టుంది, మాట గలగలా వస్తోంది. "రాత్రిపూట ఈ ఎర్ర బటన్ నొక్కితే ఎవరొస్తారమ్మా?" అని అడిగాను. "మా టీమ్ వెంటనే రెస్పాండ్ అవుతుంది మేడమ్." "టీమంటే ఎంతమంది? ఎన్ని ఫ్లాట్లకు?" ఆ అమ్మాయి మేనేజర్‌ని అడిగి చెబుతానంది. మేనేజర్ వచ్చి చాలా మర్యాదగా అసలు సంగతి చెప్పాడు. ఇక్కడికి తమ పని తాము చేసుకోగలిగినవాళ్ళే వస్తారు. స్నానం చేయించడం, డైపర్ మార్చడం లాంటివి కావాల్సి వస్తే కుటుంబమే బయటి ఏజెన్సీ నుంచి మనిషిని పెట్టుకోవాలి, లేదా "అలాంటి వాళ్ళుండే చోటికి" మారిపోవాలి.

అంటే తన కాళ్ళ మీద తాను నిలబడినన్నాళ్ళే ఎవరికైనా ఆ ఇల్లు. అత్తయ్యకు చోటు కావలసింది ఆ తర్వాతి రోజులకు. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో ఇలాంటి రిటైర్‌మెంట్ హోములకు నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. కట్టినవాడు, సేవలందించేవాడు, కొన్నవాళ్ళు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలని అందులో ఉంది. మంచి మాటే. నమూనాను అమల్లోకి తేవడం రాష్ట్రాల పని. నేను మేనేజర్‌ని సేవలందించేవాడిగా సంతకం చేసేది ఎవరని అడిగితే, ముందు ఫ్లాటు బుక్ చేసుకోమన్నాడు.

ఇంగ్లండులో ఇలాంటి ఇళ్ళను 'ఎక్స్‌ట్రా కేర్ హౌసింగ్' అంటారు. ఎవరి ఫ్లాటు వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. చేయి సాయం చేసేవాళ్ళు మాత్రం అదే భవనంలో పగలూ రాత్రీ ఉంటారు. అక్కడ నాకు నచ్చింది, ఇంటి లెక్క వేరు, ఒంటి మీద చేయి వేసి చేసే సేవ లెక్క వేరు అని ముందే విడగొట్టడం. కేర్ క్వాలిటీ కమిషన్ అని 2009 నుంచి పనిచేస్తున్న సంస్థ ఉంది. అది ఈ ఇళ్ళకు వస్తుంది గానీ గోడలు, లిఫ్టులు చూడదు, అవి దాని పని కాదు. స్నానం ఎలా చేయిస్తున్నారు, మందులు ఎలా ఇస్తున్నారు, మనిషితో ఎలా మాట్లాడుతున్నారు, ఇదీ దాని పని. భద్రంగా ఉందా, ఫలితం ఉందా, ఆప్యాయత ఉందా, అడిగినదానికి పలుకుతున్నారా, నడిపించేవాళ్ళు సరైనవాళ్ళేనా అని చూసి నాలుగు తరగతుల్లో ఒకటి వేస్తుంది. అత్యుత్తమం నుంచి పనికిరాదు దాకా. వచ్చిన తరగతిని సేవ చేసే సంస్థ నలుగురికీ కనబడేలా పెట్టాలి. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. మనుషులు చాలక వాళ్ళూ మొత్తుకుంటున్నారు, పని చేయడానికి కేరళ నుంచి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. కానీ అడిగేవాడు ఒకడున్నాడు, అడగాల్సిన ప్రశ్నల జాబితా ఉంది.

రెండో చోటు కాప్రా వైపు ఒక అద్దె ఇల్లు. ఏ.ఎస్. రావు నగర్ చుట్టూ, కాప్రా, కుషాయిగూడ, దమ్మాయిగూడ, నాగారం దాకా ఇలాంటివి చాలా ఉన్నాయి. ఒకప్పటి ఇండిపెండెంట్ ఇల్లు, హాల్లో ఆరు మంచాలు, గదికి మూడు, ముందు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు. గేటు దగ్గరే ఫినాయిల్ వాసన తగిలింది. ఫినాయిల్ వాసన చెడ్డది కాదు, దాని కింద ఇంకో వాసన లేకపోతే. నడిపే ఆమె చెడ్డ మనిషని నేను అనలేను. తన తల్లిని చూసుకోవడంతో మొదలుపెట్టి, పక్కింటివాళ్ళ తల్లిని చేర్చుకుని, అలా పెరిగిన హోము అది. ఫీజు ఆలస్యమైన ఇద్దరిని బయటికి పంపలేక ఉంచుకుంది కూడా.

కానీ నేను చూసినవి చెప్పాలి. ఒక పెద్దాయన చేయెత్తి "బాత్‌రూం" అన్నాడు. ఆయా వంటింట్లోంచే "డైపరుంది కదా తాతా, అందులోనే పొయ్యి" అంది. ఆయన నడవలేని మనిషి కాదు. పట్టుకుంటే నడుస్తాడు. ఆ పట్టుకునే పది నిమిషాలు ఆమె దగ్గర లేవు, ఎందుకంటే అంతమందికీ పగలు ఇద్దరే ఆయాలు. ఇలా కొన్ని వారాలు గడిస్తే ఆయన నిజంగానే నడవలేడు, ఆపుకోనూ లేడు. కాట్జ్ లెక్కలో రెండు గళ్ళు రోగం కొట్టేయలేదు, తీరిక లేకపోవడం కొట్టేసింది. సాయంత్రం నాలుగు తర్వాత ఎవరికీ మంచినీళ్ళు పెద్దగా ఇవ్వరని కూడా మాటల్లో తెలిసింది, రాత్రి పక్క తడుపుతారని. నీళ్ళు తగ్గితే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. ముసలివాళ్ళలో కొందరికి అది జ్వరంగా కాక తికమకగా బయటపడుతుంది, ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టరు, రాత్రంతా అరుస్తారు. అప్పుడు "మతి పోయింది" అని నిద్రమాత్ర వేస్తారు. నిద్రమాత్రతో కదలకుండా పడుకుంటే వెన్ను కింద పుండు పడుతుంది. ఒక గ్లాసు నీళ్ళ దగ్గర మొదలైంది ఎక్కడికి పోయిందో చూడండి.

స్నానం ఎప్పుడు చేయిస్తారని అడిగాను. తెల్లవారుజామున నాలుగింటి నుంచట. రాత్రి ఆయా డ్యూటీ దిగేలోపు అందరివీ అయిపోవాలి. చలికాలంలో కూడానా అంటే, వేడినీళ్ళేనండీ అంది. నీళ్ళ సంగతి కాదు నేనడిగింది.

అక్కణ్ణుంచి నాగారం మీదుగా కీసర రోడ్డులో వెళుతుంటే ఆటో అబ్బాయి "ఇక్కడే కదమ్మా అప్పుడు పోలీసులొచ్చింది" అన్నాడు. 2020 జనవరిలో నాగారంలో ఒక ఇంట్లో నడుస్తున్న ఆశ్రమం నుంచి పోలీసులు 70 మందికి పైగా మనుషుల్ని బయటికి తెచ్చారు. కిక్కిరిసిన గదులు, గొలుసులు, దెబ్బలు. ఆ వార్త అప్పట్లో అన్ని పేపర్లలో వచ్చింది. గమనించాల్సింది ఏమిటంటే, ఏ శాఖవాళ్ళో రోజువారీ తనిఖీకి వెళ్ళినందువల్ల అది బయటపడలేదు. చుట్టుపక్కలవాళ్ళు అరుపులు విని చెబితే బయటపడింది. అరవలేనివాళ్ళ హోము ఇంకెక్కడైనా ఉంటే?

మనకు చట్టం లేక కాదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు, నెలకు 10,000 రూపాయల దాకా భరణం వేయించొచ్చు. చూసుకుంటామని రాయించుకుని చూడకపోతే ఇచ్చిన ఆస్తిని వెనక్కి తీసుకోవచ్చు. ప్రతి జిల్లాలోనూ కనీసం 150 మంది పేద వృద్ధులకు సరిపడా ఆశ్రమం ఉండాలని కూడా అందులో రాశారు. ఇవన్నీ కావలసినవే. అయితే డబ్బిచ్చి హోములో ఉన్న మనిషికి ఎన్ని గంటలకొకసారి పక్క తిప్పాలి, ఎంతమందికి ఒక ఆయా ఉండాలి, ఆ ఆయాకు ఏం తెలిసి ఉండాలి, వీటి జోలికి ఆ చట్టం రాదు. 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు పెట్టారు. వృద్ధుల హోములు, ఇంటికొచ్చి సేవ చేసే సంస్థలు రిజిస్టర్ చేసుకోవాలని, కనీస ప్రమాణాలుండాలని అందులో ఉంది. అది చట్టం కాలేదు. కొట్టకూడదు, కట్టేయకూడదు అన్నది పోలీసులు చూస్తారు. మనిషిని గంటలకొద్దీ తడి డైపర్‌లో ఉంచకూడదన్నది ఎవరు చూస్తారు?

తిరిగి వచ్చి అత్తయ్య ఇంట్లో ఉన్న ఆయాను జాగ్రత్తగా చూడటం మొదలుపెట్టాను. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఏజెన్సీ ద్వారా వచ్చి ఉన్న మనిషి. శ్రీకాకుళం జిల్లా, పలాస వైపు. నలభై ఏళ్ళుంటాయి. మొదటి పూట నేను ఆమెను పెద్దగా పట్టించుకోలేదు, హోములు చూడటానికి వచ్చాను కదా. మూడో చోటు ఇదేనని అప్పటికి తోచింది.

పొద్దున ఎండ బాల్కనీలోకి వచ్చాక స్నానం. ముందు బాత్‌రూం నేల తుడిచి ఆరనిచ్చింది. నడుమ రంధ్రమున్న కమోడ్ కుర్చీ వేసి, దాని నాలుగు కాళ్ళూ కదిపి చూసింది. బకెట్‌లో మోచెయ్యి ముంచి వేడి చూసుకుంది. అరచెయ్యి మొద్దుబారి ఉంటుందట, మోచెయ్యే నిజం చెబుతుందట. అత్తయ్యను కూర్చోబెట్టి ఒళ్ళో ఒక పొడి తుండు కప్పింది. నైటీ తీసింది ఆ తుండు కప్పిన తర్వాతే. "మామ్మగారూ, కాళ్ళ మీద పోస్తన్నానండి" అని చెప్పి పాదాల మీద ఒక చెంబు పోసింది. కాసేపాగి మోకాళ్ళ మీద, ఆ తర్వాత భుజాలు. ప్రతిదానికీ ముందు చెబుతోంది. తర్వాత అడిగాను, రోజూ చేసేదే కదా, ఎందుకు చెప్పడం అని. "సెప్పకుండా నీళ్ళు పోస్తే పెద్దోళ్ళకి గుండె దడొస్తదండి. మనకైనా అంతే కదండి" అంది. తుండు కింద నుంచి చేయి పోనిచ్చి తుడవాల్సిన చోట్లన్నీ తుడిచింది గానీ ఒక్కసారి కూడా ఆ తుండు పక్కకు జరగలేదు. అరచేతులు, ముఖం మాత్రం అత్తయ్యనే కడుక్కోమంది. అది ఆలస్యమవుతుంది. సబ్బు రెండుసార్లు జారిపోయింది. ఆమె తీసి మళ్ళీ చేతిలో పెట్టింది, తాను రుద్దలేదు.

ఒళ్ళు తుడిచేటప్పుడు కాలివేళ్ళ సందులు ఒక్కొక్కటే ఆరబెట్టింది. మంచం మీద పక్కకు తిప్పి, వెన్ను చివర, తుంటి దగ్గర, మడమల మీద వేలితో నొక్కి చూసింది. ఎర్రగా ఉన్నచోట నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫరవాలేదు. నొక్కినా ఎర్రగానే ఉండిపోతే పుండు మొదలైనట్టే. అప్పుడిక ఆ వైపు పడుకోబెట్టకూడదు. మంచాన పడ్డవాళ్ళను రెండు గంటలకొకసారి పక్క మార్చాలని నర్సింగ్ పుస్తకాల్లో ఉంటుంది. ఈమె పుస్తకం చదవలేదు. ముందు పనిచేసిన ఇంట్లో ఒక సిస్టర్ నేర్పిందట. ఏజెన్సీ ఏం నేర్పిందంటే నవ్వేసింది. ఆధార్ కార్డు, రెండు ఫోటోలు తీసుకుని పంపేశారు.

ఇంత పని తెలిసిన మనిషి పరిస్థితి ఏమిటని అడిగితే అసలు కథ అక్కడుంది. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటే నిజంగానే ఇరవై నాలుగు గంటలు. అత్తయ్య మంచం పక్కనే చాప. రాత్రి అత్తయ్య ఎన్నిసార్లు లేస్తే ఆమె కూడా అన్నిసార్లు. ఆదివారం లేదు, పండగ లేదు. సెలవు పెడితే ఆ రోజు డబ్బులు పోతాయి. మా మరిది డాలస్ నుంచి కట్టేది అంతా ఆమె చేతికి రాదు, ఏజెన్సీ తన వాటా పట్టుకుని మిగతాది ఇస్తుంది. బొత్తిగా నచ్చని ఇంటికి పంపితే వెళ్ళాలి. నచ్చిన ఇంట్లో ఉందామంటే, ఒకే చోట పాతుకుపోతే ఇంటివాళ్ళతో సొంతంగా మాట్లాడేసుకుంటుందని ఏజెన్సీకి అనుమానం, అందుకే మారుస్తుంటారు. ఇప్పుడు ఆమెను మార్చాలని కబురొచ్చింది కూడా. అత్తయ్య ఒంటి మీద ఎక్కడ నొక్కితే నొప్పో తెలిసిన ఒక్క మనిషి వెళ్ళిపోయి, ఆధార్ కార్డుతో ఇంకొకరు వస్తారు.

మొదటి చోట ఎర్ర బటన్ ఉంది, వచ్చే మనిషి లేదు. రెండో చోట మనుషులున్నారు, చాలినంతమంది లేరు. ఇక్కడ మనిషి ఉంది, పని తెలుసు, ఆమెకు నిద్ర లేదు. నిద్రలేని మనిషి ఎంత మంచిదైనా ఏదో ఒక రాత్రి విసుక్కుంటుంది. దాన్ని ఆమె గుణమనడం అన్యాయం. డబ్బులిచ్చేవాళ్ళం మనం గదులూ భోజనమూ బేరమాడతాం, ఆయా నిద్ర గురించి మాట్లాడం. నన్నడిగితే సేవ నాణ్యత అక్కడే మొదలవుతుంది.

ఆ రాత్రి మా మరిదికి ఫోన్ చేసి, హోము వద్దని చెప్పాను. అత్తయ్యకు ఇప్పటికే ఇల్లుంది, లిఫ్టుంది, ఎదురింటావిడ ఉంది, తన తాళంచెవి తన దిండు కింద ఉంది. ఇంగ్లండువాళ్ళు కొత్తగా కడుతున్నది దీన్నే. లేనిది సేవకు ఒక లెక్క, ఒక బాధ్యత. పగటికి ఒకరు, రాత్రికి ఒకరు పెట్టమన్నాను. వారానికి ఒక రోజు జీతంతో సెలవు. ఏ మాత్రలు వేశారు, ఎన్ని గ్లాసుల నీళ్ళు, ఒంటి మీద ఎక్కడైనా ఎరుపుందా అన్నది రాయడానికి ఒక నోటు పుస్తకం. వారానికోసారి నర్సు వచ్చి ఆ పుస్తకం, ఒళ్ళు రెండూ చూడాలి. "ఖర్చు హోముకంటే ఎక్కువవుతుంది కదా వదినా" అన్నాడు. అవుతుంది. దాచను. అదీ ఈ అపార్ట్‌మెంట్లో ఆయా ఉన్న ఇల్లు ఇదొక్కటే అయితే.

కాదని మర్నాడు లిఫ్టు దగ్గర నిలబడితేనే తెలిసింది. పై అంతస్తులో ఒక పెద్దాయన, పక్షవాతం. రెండు ఫ్లాట్ల అవతల మతిమరుపున్న ఆమె. అందరికీ వేరువేరు ఏజెన్సీలు, వేరువేరు రేట్లు, ఒకరి ఆయా రాకపోతే ఇంకొకరిని అడిగే అలవాటు లేదు. సంఘం సెక్రటరీగారు ఈసీఐఎల్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. నేను ఆయనతో చెప్పాను, వాచ్‌మన్‌కూ లిఫ్టుకూ అందరూ కలిసి కడుతున్నారు కదండీ, రాత్రి ఆయాకూ, వారానికోసారి నర్సుకూ కలిసి కట్టలేరా అని. ఆయన కాసేపు ఆలోచించి, మీటింగులో పెడతానన్నారు. పెడతారనే నా నమ్మకం. సహకార సంఘాలు, కాలనీ కమిటీలు ఆ తరానికి కొత్త కాదు. ఇక్కడ వీధులు, నీళ్ళు, పార్కులు అలా అందరూ కలిసి తెచ్చుకున్నవే. ఈ పనికి హైదరాబాద్ తగని ఊరు కూడా కాదు. ఇవాళ దేశమంతా పనిచేస్తున్న వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 మొదట 2017లో ఈ నగరంలోనే టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ కలిసి మొదలుపెట్టింది, ఆ తర్వాతే మిగతా రాష్ట్రాలకు వెళ్ళింది.

హోమే గతి అయినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒంటరిగా ఉన్నవాళ్ళు, రాత్రి ఆయాకు కట్టలేనివాళ్ళు, ఇంట్లో ఎవరూ ఎత్తలేనంత మంచాన పడ్డవాళ్ళు. వాళ్ళను హోములో చేర్చడం పాపమేమీ కాదు, ఆ మాట అనేవాళ్ళు ఒక వారం రాత్రులు మేలుకుని చూడాలి. అయితే చూడటానికి సాయంత్రం టీ వేళకు వెళ్ళకండి, అప్పుడు అన్ని హోములూ బాగానే ఉంటాయి. పొద్దున స్నానాలు జరిగే వేళకు, ముందు చెప్పకుండా వెళ్ళండి. రాత్రి ఎంతమందికి ఎంతమందో అడగండి. మంచాన ఉన్నవాళ్ళ మడమలు చూపించమనండి. ఆయాను పక్కకు పిలిచి నువ్వెప్పుడు పడుకుంటావని అడగండి. ఈ నాలుగింటిలో దేనికి మొహం చిట్లించినా అక్కడ చేర్చకండి. చేర్చిన తర్వాత తేడా కనబడితే 14567కు ఫోన్ చేయండి, డబ్బులేమీ పడవు.